వీసా కాగితంలో నలుగురు

లూదియాకు చదువు రాదు. అస్సలు బడి మొగం చూడలేదని కాదు. ఆళ్లగడ్డ మిషను బడిలో రెండో తరగతి దాకా పోయింది. అక్షరాలు కూడబలుక్కునే వేళకు తండ్రి పోయాడు, తల్లి హన్నమ్మ వెంట వరినాట్లకు దిగాల్సి వచ్చింది. నేర్చుకున్న నాలుగు అక్షరాలూ ఆ మడి బురదలోనే కలిసిపోయాయి.

కానీ చెవిన పడ్డ మాట మాత్రం ఆమెను విడిచిపోయేది కాదు. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ పెడితే, చదువొచ్చిన పిల్లలు పుస్తకం మూసిన మరుక్షణమే నీళ్లు నమిలేవాళ్లు. ఈ పిల్ల లేచి, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, ముందు అధ్యాయం సంఖ్యా వచనం సంఖ్యా చెప్పి, వాక్యం చెప్పి, మళ్లీ సంఖ్యలు చెప్పి, చివరన "ఆమేన్" అని కూర్చునేది. ఆమేన్ ప్రార్థనకే గాని కంఠత వాక్యానికి అక్కర్లేదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. అది లేకుంటే చెప్పింది మధ్యలో తెగిపోయినట్టు ఉంటుందట.

ఆ అక్కర్లేని ఆమేనే ఆమెను పరదేశం నుంచి ఇంటికి చేర్చిందంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, పర్వాలేదు. లూదియా కూడా నవ్వుతూనే చెబుతుంది, చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంటుంది.

ఆమెకు వాక్యాలు నేర్పింది జీవరత్నం టీచరమ్మ. మిషను బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. సన్నగా, పొడుగ్గా ఉండేది. గొంతు మాత్రం రెండు వీధులవతలకు వినిపించేది. ఆమె కోపానికి ఊళ్లో అయ్యగారు కూడా, అంటే పాదిరిగారు కూడా, జంకేవాడు. ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. దాని కథ చెప్పాలి.

సంజామల దగ్గరి పల్లె నుంచి ఒక ముసలి మొగుడూ పెళ్లాలు ఒకనాడు ఆమె దగ్గరకు వచ్చారు, కువైట్‌కు పోయిన కూతురికి ఉత్తరం రాసిపెట్టమని. టీచరమ్మ కలం తీసి, "ఎవరింటికి రాయల్ల?" అంది. "కువైట్‌కమ్మా," అన్నారు. "కువైట్‌లో ఎవరింటికి?" అంటే మొగమొగాలు చూసుకున్నారు. ఏ ఊరో తెలియదు, ఏ వీధో తెలియదు, వీసా ఇచ్చిన మనిషి పేరు తెలియదు. కూతురు ఒక దేశంలో ఉంది, అంతవరకే వాళ్లకు తెలుసు. టీచరమ్మ కలం మూసి, వాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపించింది. మరునాడు అంగడికి పోయి గట్టి అట్ట నోటుబుక్కు కొన్నది. ఆ చుట్టుపక్కల ఏ ఆడమనిషి ఇంటిపనికి గల్ఫుకు పోతున్నా ఆ బుక్కులో పేరెక్కాల్సిందే. మనిషి పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా ఎవరి పేరున ఉంది, వాళ్ల ఇల్లు ఎక్కడ. ఆ మూడో గడి నిండకుండా ఎవరైనా బస్సెక్కితే ఆమె బస్టాండు దాకా వెంటపడి తిట్టేది.

లూదియా వంతు ఎనభై ఒకటిలో వచ్చింది. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్లు. మొగుడు యేసుదాసు పాము కరిచి పోయి మూడేళ్లు. కూతురు అరుణకుమారి నంద్యాలలో హాస్టల్లో చదువుతోంది. ఉండేది బోదకొట్టం, గడ్డి కప్పిన గుడిసె. గట్టి వాన వస్తే హన్నమ్మా లూదియా వంటపాత్రలన్నీ నేల మీద పరిచి, వాటి మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. ఒక గది మిద్దె వేసుకుంటే చాలని లూదియా ఆశ. దూరపు కొండలు నునుపని హన్నమ్మ ఎంత చెప్పినా, ఆ వానల్లో దగ్గరి కొట్టం అంతకంటే గరుకుగా ఉండేది.

అప్పటికే కువైట్‌లో పనిచేస్తున్న పెద్దమ్మ కూతురు మహాలక్ష్మి, తను ఉండే వీధిలోనే ఎవరినో అడిగి వీసా పంపింది. కవరులో చిన్న చీటీ కూడా పెట్టింది: "మంచి ఇల్లు. బేగా రా. నా గడువు అయిపోయింది, నేను వచ్చేస్తాండా." వీసా కాగితమేమో అరబ్బీలో ఉంది.

హన్నమ్మ దాన్ని వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. "ఏందే ఇది, చీమల బారు పోయినట్లుండాది? ఇందులో నీ పేరు యాడుండాది?"

"నాకేం తెలుసుమా? టీచరమ్మనే అడగల్ల."

టీచరమ్మకు తెలుగు వచ్చు, ఇంగ్లీషు వచ్చు, తమిళం కొంత వచ్చు. అరబ్బీ రాదు. రాదని ఒప్పుకోవడం ఆమెకు చాలా కష్టమైంది. ముగ్గురూ కలిసి నంద్యాల బస్సెక్కారు.

నంద్యాలలో దస్తగిరి సాయిబు అని పుస్తకాలకు అట్టలు కట్టే ముసలాయన ఉండేవాడు. మిషను బడి రిజిస్టర్లూ, చర్చి పాటల పుస్తకాలూ అన్నీ ఆయన చేతి మీదుగానే బైండింగు అయ్యేవి. సాయంత్రాలు మసీదులో పిల్లలకు అరబ్బీ అక్షరాలు చెప్పేవాడు. టీచరమ్మ కాగితం చాచగానే ఆయన అందుకోలేదు. "ఉండమ్మా," అని లోపలికి పోయి, కాళ్లూ చేతులూ మొగమూ కడుక్కుని, తుండుతో తుడుచుకుని వచ్చి అప్పుడు అందుకున్నాడు.

"నమాజుకు కాదు సాయిబూ, అది వీసా," అంది టీచరమ్మ.

"తెలుసమ్మా. అక్షరం అదే గదా. బంక చేతుల్తో ఎట్ల పట్టుకునేది?"

లూదియాకు ఆ మాట అప్పుడే గుండెలో నాటుకుంది. తన పొట్టకూటి కాగితాన్ని ఒక మనిషి చేతులు కడుక్కుని పట్టుకున్నాడు. జీవితంలో ఆమె వేలిముద్ర వేసిన కాగితాలు కొన్ని ఉన్నాయి గాని, ఏ ఒక్కటినీ ఎవరూ అంత మర్యాదగా ముట్టుకోలేదు.

సాయిబు వేలు పెట్టి కుడి నుంచి ఎడమకు మెల్లగా చదివాడు. "చదవగలను గాని అన్నిటికీ అర్థం చెప్పలేనమ్మా. ఇదో, ఈడ 'ఖాదిమా' అని ఉండాది. అంటే ఇంట్లో సేవ చేసే ఆడమనిషి. ఇది నీ పని. ఇది నీ పేరు, లూదియా. ఇంక ఇది కఫీలు, అంటే నీకు పూచీ ఉండేవాళ్లు. నూరా... సాలెం... జాసెం... అల్ హద్దాద్."

హన్నమ్మ వేళ్లు మడిచింది. "నలుగురా?"

"నాలుగు పేర్లుండాయి."

"ఎవరెవరు వీళ్లు?"

"నూరా అంటే ఆడమనిషి. తక్కినవి మగపేర్లే."

హన్నమ్మ అక్కడికక్కడే లేచి నిలబడింది. "ఒక ఆడమనిషీ ముగ్గురు మగోళ్లూ ఉండే ఇంటికా నా బిడ్డను పంపేది? ఎవరు పిలిస్తే వానికి పలకల్లనా? ఏ పుట్టలో ఏ పాముండాదో! ఒక పాముతోనే అల్లున్ని పోగొట్టుకుంటి. పదవే ఇంటికి."

టీచరమ్మ ఎంత చెప్పినా హన్నమ్మ దిగిరాలేదు. అసలు చెప్పడానికి టీచరమ్మ దగ్గరా ఏమీ లేదు. ఒక వీసాకు నలుగురు పూచీదార్లు ఎందుకో ఆమెకూ అంతుపట్టలేదు. సాయిబు కూడా తల గోక్కున్నాడు. ముగ్గురూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. వీసాకు గడువుంది. ఆ గడువు దాటితే మిద్దె లేదు, కువైట్ లేదు, మళ్లీ పాత్రల మధ్య కాళ్లు ముడుచుకోవడమే. లూదియా కిటికీలోంచి కాలవ వెంబడి మడులను చూస్తూ ఏడ్చింది.

అప్పుడు క్రిస్మస్ ముందరి ఆదివారాలు. ఆ వారం గుళ్లో అయ్యగారు వేదపాఠం చదువుతున్నాడు. ఆ పొద్దు పాఠం వంశావళి. ఫలానాయన ఫలానాయనను కనెను, ఆయన ఇంకొకాయనను కనెను అంటూ సాగే ఆ పాఠం వచ్చిందంటే సంఘమంతా కునుకు తీసేది. నిజం చెప్పాలంటే అయ్యగారికి కూడా ఆవులింతలు వచ్చేవి. ఆడవాళ్ల వరుసలో ముందు కూర్చున్న జీవరత్నం టీచరమ్మ ఉన్నట్టుండి, "తండ్రీ!" అని కేక పెట్టింది. సంఘం ఉలిక్కిపడి లేచింది. ఆత్మ దిగిందనుకుని ఒక ముసలామె హల్లెలూయా అంది కూడా.

ఆత్మ కాదు, అర్థం దిగింది. ఆరాధన అయిందో లేదో టీచరమ్మ హన్నమ్మ చెయ్యి పట్టుకుని గుడి వెనక్కి లాక్కుపోయింది.

"నలుగురు కాదు హన్నమ్మా, ఒక్కతే! నూరా. సాలెం ఆమె నాయన. జాసెం ఆమె తాత. చివరిది ఇంటిపేరు. మన వేదంలో మాదిరే, వాళ్ల పేరు వెనకాల తండ్రి, తాత వస్తాండారు. నీ బిడ్డకు పూచీ ఉండేది ఒక ఆడమనిషి. అంతే."

ఆ వారంలోనే బైండింగు రిజిస్టర్లు ఇవ్వడానికి ఆళ్లగడ్డ వచ్చిన దస్తగిరి సాయిబు విని నుదురు కొట్టుకున్నాడు. "నిజమేనమ్మా! మా పెద్దల పేర్లూ అట్లనే గదా వచ్చేది. అక్షరాలు చూసి మనిషిని మరిచిపోయినా."

హన్నమ్మ సగం నమ్మింది. తండ్రీ తాతా సంగతి ఒప్పుకుంది గాని ఇంటిపేరు దగ్గర మొండికేసింది. "ఇంటిపేరైతే ఏమి? మొదట ఎవరో ఒక అద్దాదయ్య ఉంటేనే గదా ఆ పేరు వచ్చింది? ఊరికే వస్తాదా?" ఆ లెక్కన ఇంట్లో ఇప్పటికీ నలుగురున్నట్టే. కాకపోతే పెద్దమనుషుల ఇల్లని మాత్రం ఒప్పుకుంది. తాత పేరు చెప్పుకునే వాళ్లు చెడ్డవాళ్లు కారని ఆమె తీర్పు.

కాగితం అడుగున ఉన్న ఇంటి గుర్తులు కూడా సాయిబు చదివిపెట్టాడు. వీసా గడి నిండింది, నోటుబుక్కులో లూదియా పేరెక్కింది. అంతటితో టీచరమ్మ వదల్లేదు. "కాగితం వాళ్లు తీసి పెట్టుకుంటారు. పాస్‌పోర్టూ తీసుకుంటారు. నీ చేతిలో ఏమీ ఉండదు. నీ నోట్లో ఉండల్ల," అంది. "ఆ ఇండ్లల్లో అమ్మగారిని మామా అంటారంట, అయ్యగారిని బాబా అంటారంట. ఏండ్లు పనిచేసినా పేరు తెలీకుండానే వచ్చేస్తారు. మన ఆడోళ్లు మొగుని పేరు పలకరు, అది అలవాటు, పోనీ. ఈ పేరు మాత్రం పలకల్ల. ఇంకో మాట విను. నువ్వు పని ఎవరింట్లో చేసినా, కాగితంలో ఎవరుంటే వాళ్లే నీకు జవాబు. నువ్వు వేలిముద్ర వెయ్యకుండా ఆ పేరు మారదు."

ఆ వారమంతా పొద్దున్నే లూదియా టీచరమ్మ అరుగు ముందు నిలబడేది. కంఠత వాక్యం చెప్పినట్టే, చేతులు కట్టుకుని: "నూరా, సాలెం, జాసెం, అల్ హద్దాద్. నాలుగో బ్లాకు, పదకొండో వీధి, ఇరవై మూడో ఇల్లు. నూరా, సాలెం, జాసెం, అల్ హద్దాద్. ఆమేన్."

"ఆమేన్ ఎందుకే?"

"అది లేకుంటే నిలబడదు టీచరమ్మా."

మామూలుగా అయితే టీచరమ్మ బెత్తం తీసేది. ఆ పొద్దు తీయలేదు.

నంద్యాలలో రైలెక్కి, గుంతకల్లులో మారి, బొంబాయి పోయి, లూదియా విమానమెక్కింది. దారంతా పెదవులు ఆడుతూనే ఉన్నాయి.

నూరా అరవై దాటిన విధవరాలు. మోకాళ్ల నొప్పులు. పెద్ద ఇల్లు, మనుషులు లేరు. ఆమెను మామా అని పిలవడానికి లూదియాకు నెల పట్టింది. మనకు మామంటే మీసాలుంటాయి కదా, నోరు తిరగలేదు. నూరా మాటా మంచిదే, చెయ్యీ మంచిదే. తను తినేదే పెట్టేది. మోకాళ్లకు నూనె పట్టిస్తుంటే కళ్లు మూసుకుని ఏవో పాటలు పాడుకునేది. ఎనిమిది నెలలు అలా గడిచాయి. టీచరమ్మ చేతిరాతతో అమ్మ మాటలు వచ్చేవి. మహాలక్ష్మి స్నేహితురాలు ఒకామె పక్కింట్లో పనిచేసేది. ఆమె చదివి వినిపించి, లూదియా చెబితే జవాబు రాసిపెట్టేది.

ఆ స్నేహితురాలు గడువు తీరి తన ఊరికి పోయిన కొన్నాళ్లకే నూరా మోకాళ్ల వైద్యానికి వేరే దేశం పోయింది. పోయేటప్పుడు అక్క కొడుకును పిలిచి, తాను వచ్చేదాకా ఈ మనిషిని మీ ఇంట్లో ఉంచుకోండని చెప్పింది. నూరాకు వచ్చే ఉత్తరాలూ, ఆమె కాగితాలూ అన్నీ చూసేది అతనే. అతని ఇల్లు ఊరికి ఇంకో కొసన ఉంది. ఇంటినిండా పిల్లలు. పని ఎక్కువే గాని లూదియా పనికి భయపడే మనిషి కాదు. మూడు నెలలు పోయాక ఒకరోజు అతను వచ్చి చెప్పాడు, "మామా చనిపోయింది. నీ కాగితాలు ఇప్పుడు నా పేరున ఉన్నాయి. నేను పొమ్మన్నప్పుడే నువ్వు పోవాలి."

లూదియా నూరా కోసం ఏడ్చింది. ఏడ్చాక తన కోసం ఏడ్చింది. ఉత్తరాలు ఆగిపోయాయి. స్నేహితురాలు ఆళ్లగడ్డ చిరునామా రాసి ఇచ్చిపోయిన కవర్లలో లూదియా ఉత్త వేలిముద్రలు వేసి పంపమని ఇస్తే, అవి పోస్టు డబ్బా దాకా పోలేదని తర్వాత తెలిసింది. పని ఒప్పందం రెండేళ్ల గడువు దాటింది. అడిగితే, "నువ్వు పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. అది కసిరి చెప్పలేదు, మామూలుగానే చెప్పారు. అందుకే ఎక్కువ భయమేసింది. ఈ జన్మకు ఆళ్లగడ్డ ఇంతేనా అనుకుంది. కంఠత వాక్యం చెప్పుకోవడం కూడా మానేసింది. చచ్చిపోయిన మనిషి పేరు ఎన్నిసార్లు చెప్పుకుంటే మాత్రం ఏం లాభం?

ఇటు ఆళ్లగడ్డలో టీచరమ్మ నూరా పేరున ఇంగ్లీషులో రెండు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఆ ఉత్తరాలు ఎవరి చేతిలో పడ్డాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మూడో ఏడు ఆ ఇంటి చిన్నపిల్లకు జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. పడక పక్కన ఉండడానికి లూదియాను పంపారు. ఆ వార్డులో ఒక మలయాళీ నర్సు ఉండేది. వేలూరు ఆసుపత్రిలో తెలుగు రోగులతో మాట్లాడి మాట్లాడి కాస్త తెలుగు పట్టుకున్న మనిషి. లూదియా పిల్లకు తడిగుడ్డ వేస్తూ తనలో తాను ఏదో గొణుక్కోవడం విని దగ్గరకొచ్చింది.

"నీది ఏ ఊరు?"

రెండేళ్ల తర్వాత చెవిన పడ్డ తెలుగు మాట. లూదియా గభాలున తల తిప్పింది. "ఆళ్లగడ్డ, అక్కా."

"ఎంత కాలమైంది వచ్చి? ఇంటికి పోలేదా?"

అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటారు. ఈమె అడక్కుండానే పెట్టింది. లూదియా అంతా చెప్పింది. నర్సు విన్నది గాని పూర్తిగా నమ్మినట్టు లేదు. ఇలాంటి కథలు ఆమె చాలా విని ఉంటుంది, కొన్ని నిజాలు, కొన్ని కావు. "కాగితం మారినప్పుడు నువ్వు వేలిముద్ర వేశావా?" అంది.

"లేదక్కా."

"ఏ ఆఫీసుకైనా తీసుకుపోయారా?"

"లేదు."

"అయితే ఎలా మారుతుంది? ఆ ముసలామె పేరు తెలుసా నీకు? మామా అని చెప్పకు. అసలు పేరు."

లూదియా తడిగుడ్డ పక్కన పెట్టింది. లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది, కళ్లు మూసుకుంది. నూరా, సాలెం, జాసెం, అల్ హద్దాద్. నాలుగో బ్లాకు, పదకొండో వీధి, ఇరవై మూడో ఇల్లు. ఎన్నాళ్లో ముట్టుకోని వాక్యం ఒక్క అక్షరం పోకుండా అలాగే ఉంది. చివరన "ఆమేన్" అని కళ్లు తెరిచింది.

నర్సు కలం పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. ఆమె కూడా తన ఊళ్లో, తన భాషలో, ఒక ఆదివారం బడిలో చేతులు కట్టుకుని నిలబడిన పిల్లే. మాటలు వేరుగాని రాగం అదే. అబద్ధం చెప్పేవాళ్లు ఎవరూ ఆ రాగంలో చెప్పరు, చెప్పి ఆమేన్ అనరు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లలో నీళ్లొచ్చాయి.

"ఇంకోసారి చెప్పు చెల్లీ, రాసుకుంటా," అంది.

ఆ ఊళ్లో నూరాలు ఎందరో, సాలెంలు ఎందరో. కానీ నూరాకు తండ్రి సాలెమై, అతని తండ్రి జాసెమై, హద్దాద్ ఇంటివాళ్లై, ఇరవై మూడో ఇంట్లో ఉండేది ఒక్కతే. మరునాటి పొద్దున నర్సు టెలిఫోను పుస్తకం తిరగేసి నంబరు పట్టుకుంది. మోగింది. అవతల ఎత్తింది చనిపోయిందన్న మనిషే.

ఆ మధ్యాహ్నమే నూరా కర్ర పొడుచుకుంటూ వార్డులోకి వచ్చింది. లూదియా చూసి గోడకు అతుక్కుపోయింది. నూరా దగ్గరకొచ్చి భుజం మీద ఒకటి చరిచి, "చెప్పకుండా పోతావా మీ దేశానికి?" అని ఏడ్చేసింది. లూదియా తనకు తానే ఇంటికి పోయిందని, ఆ కాగితాల పనంతా తానే చూశానని అక్క కొడుకు ఆమెకు చెప్పాడట. ఒకామెకు చావు, ఇంకొకామెకు ప్రయాణం చెప్పి ఆ పెద్దమనిషి రెండేళ్లు సుఖంగా పని చేయించుకున్నాడు. అతను వచ్చినప్పుడు నూరా కేకలు వేయలేదు. చెయ్యి చాచి, "పాస్‌పోర్టు," అంది. అంతే. తెచ్చి ఇచ్చాడు.

"పద," అంది నూరా.

లూదియా పడక వైపు చూసింది. "రేపు పోదాం మామా. ఈ పిల్లకు ఇంకా జ్వరం దిగలేదు. పక్కన ఎవరూ లేరు." ఆ మాటకు నూరా కూడా కుర్చీ లాక్కుని కూర్చుంది. మరునాడు జ్వరం దిగాకే ఇద్దరూ కదిలారు.

ఉండమని నూరా బతిమాలింది. లూదియా ఇంటికి పోతానంది. పోవడానికి కఫీలు ఒప్పుకోలు కాగితం కావాలి. ఆఫీసులో గుమాస్తా నూరా ముందు సిరా డబ్బా పెట్టాడు. నూరా బొటనవేలు అద్దింది. లూదియా ఆశ్చర్యంగా చూసింది. ఇంత ఇల్లూ వాకిలీ ఉన్న మనిషి, ఆ పెద్ద కాగితంలో పూచీ ఉన్న మనిషి, తనలాంటి వేలిముద్ర మనిషే. ఆ కాగితం వాళ్లిద్దరిలో ఒక్కరికీ చదవడం రాదు.

ఇంటికొచ్చాక నూరా అడిగింది, ఆ నర్సుకు నా పేరంతా ఎలా చెప్పావని. లూదియా నిలబడి చెప్పింది. నూరా కదలకుండా విన్నది. ఇంకోసారి చెప్పమంది. ఇంట్లో ఆమె అందరికీ మామానే. తన తండ్రి పేరు, తాత పేరు కలిపి తనను ఎవరూ పిలిచి ఎన్నేళ్లైందో. "సాలెం ముత్యాల కోసం సముద్రంలో మునిగేవాడు," అంది. "నాకు ఏడేళ్లప్పుడు మునిగినవాడు పైకి రాలేదు. జాసెం కమ్మరి. పడవలకు లంగర్లు కొట్టేవాడు. హద్దాద్ అంటే కమ్మరే." ఆ సాయంత్రమంతా లూదియా ఆ మోకాళ్లకు నూనె పట్టిస్తూ వింటూనే ఉంది.

ఎనభై నాలుగు చివరలో ఆళ్లగడ్డలో బస్సు దిగింది. ఇప్పుడు ఆమెకు ఒక గది మిద్దె ఉంది. దాని ముందరి అరుగు మీద, గల్ఫుకు పోయే ఆడవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి తమ వీసా కఫీలు పేర్లు కంఠతా చెబుతుంటారు. నంద్యాలలో దస్తగిరి సాయిబు చేతులు కడుక్కుని చదివిపెడతాడు, టీచరమ్మ నోటుబుక్కులో రాస్తుంది, లూదియా చెప్పిస్తుంది. ఆ ఆమేన్ కూడా చెప్పిస్తుంది, హిందువుల పిల్లైనా సరే, సాయిబుల పిల్లైనా సరే. ఎవరూ కాదనలేదు.

అవన్నీ తర్వాతి మాటలు. ఆ పొద్దు కొట్టం ముందుకు వచ్చినప్పుడు హన్నమ్మ చేట కింద పడేసి వచ్చి బిడ్డను పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో తెలియదు. వదిలాక, నీళ్లిచ్చి, తాగేదాకా ఆగి, మొదట అడిగిన మాట ఇది:

"నూరమ్మ బాగుండాదా?"

లూదియా విస్తుపోయింది. "ఆ పేరు నీకెట్ల గుర్తుండాదిమా?"

"ఎట్లుండదే? పొద్దున్నే లేచి నలుగురినీ అడుక్కుంటానే ఉంటి గదా మూడేండ్లు. దేవా, నూరమ్మను చల్లగా చూడు, సాలెమయ్యను చల్లగా చూడు, జాసెమయ్యను, అద్దాదయ్యను చల్లగా చూడు, వాళ్లు నా బిడ్డను చల్లగా చూస్తారు అని. మనకు ఆడ తెలిసినోళ్లు వాళ్లు నలుగురే గదా. సాలెమయ్య ఎట్లుండాడు?"

బిడ్డ వచ్చిందని విని నోటుబుక్కు చంకన పెట్టుకుని అప్పుడే వచ్చిన జీవరత్నం టీచరమ్మ వాకిట్లోనే ఆగిపోయింది.

లూదియా మెల్లగా చెప్పింది. నూరాకు ఏడేళ్లప్పుడే సాలెం ముత్యాలకు మునిగి సముద్రంలోనే పోయాడని, జాసెం ఎప్పుడో పోయాడని, హద్దాద్ అంటే ఆయన చేసిన కమ్మరి పనే అని. హన్నమ్మ బిడ్డ చేతిలోని చెంబు తీసుకుంది. "అయితే సాలెమయ్యకు సమాధి గూడా ల్యా?"

"ల్యామా."

"పాపం. ఆడబిడ్డ ఏడేండ్లది అప్పుడు," అంది, తన బిడ్డ వైపు చూస్తూ.

టీచరమ్మ గొంతు సవరించుకుంది. ఆమె తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేదు. "హన్నమ్మా, పోయినోళ్ల కోసం ప్రార్థన చేసేది మన సంఘంలో లేదు."

"నాకు తెల్దు టీచరమ్మా, నేను చేసేస్తి. ఇప్పుడు బిడ్డ ఇల్లు చేరె గదా అని ఆపితే, ఏరు దాటి తెప్ప తగలేసినట్లు కాదా?"

జీవరత్నం టీచరమ్మ వాకిట్లోంచి వచ్చి బిడ్డ పక్కన కూర్చుంది. నోటుబుక్కు తెరిచి, లూదియా వరుసలో చివరి గడిలో "ఇల్లు చేరింది" అని రాసి, కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడుచుకుంది.

వచ్చిన ఆదివారం, హాస్టల్ నుంచి వచ్చిన మనవరాలు అరుణకుమారి వెంట రాగా, హన్నమ్మ కృతజ్ఞత కానుకగా నాలుగు టెంకాయలు పట్టుకుని గుళ్లో ముందుకు నడిచింది. ఎవరెవరి పేరున అని అయ్యగారు అడిగాడు. ఆమె చెప్పింది. నూరమ్మ, సాలెమయ్య, జాసెమయ్య, అద్దాదయ్య. అయ్యగారు టీచరమ్మ వైపు చూశాడు. టీచరమ్మ గట్టిగా తల ఊపింది. ఆయన ఆ నాలుగు పేర్లూ ఒక్కొక్కటిగా పలికి దేవుణ్ణి స్తుతించాడు. సంఘమంతా ఆమేన్ అంది. లూదియా చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, అందరూ అయ్యాక, అందరికంటే గట్టిగా అంది.